హన్మండ్లు కెమెరాలో ఎర్ర పొద్దు

హన్మండ్లు నోరు తెరిస్తే చెరుకు బండ్ల ఎద్దులు కూడా నెమరు ఆపి వింటాయని బోధన్‌లో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది కూడా హన్మండ్లే.

చక్కెర ఫ్యాక్టరీలో గానుగ మొదలై పది రోజులైంది. గేటు నుంచి చిన్నయ్య హోటల్ దాకా, అది దాటి ఇంకో అర మైలు దాకా బండ్లూ ట్రాక్టర్లూ బారు కట్టి ఉన్నాయి. కాంటా మీదికి వంతు వచ్చేదాకా రైతుకు పనేముంటుంది? చాయ్ తాగాలి, హన్మండ్లు చెప్పేది వినాలి. రెండూ వేడిగానే దొరుకుతాయి. చాయ్‌లో నీళ్లు ఎక్కువ, హన్మండ్లు మాటల్లో నిజం తక్కువ. అయినా రెండూ మానేసిన వాడు లేడు.

ఆ చెరుకు కాంటా దగ్గర పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న మనిషి పోశయ్య. ఆ రోజు డ్యూటీ దిగి, తువ్వాల భుజాన వేసుకుని హోటల్లోకి వచ్చాడు గానీ, వచ్చింది చాయ్ కోసం కాదు. వచ్చే బేస్తవారం చర్చిలో ఆయన బిడ్డ రూతు పెండ్లి. తల్లి లేని ఆ పిల్లను పెంచింది పోశయ్య తల్లి శారమ్మ. ఆ శారమ్మ రెండు నెలల కింద స్నానాల బండ మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఇప్పుడు జక్రాన్‌పల్లిలో కూతురి ఇంట్లో మంచం మీద ఉంది. ఆటోలో కూడా కూర్చోబెట్టొద్దని నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని డాక్టరు గట్టిగా చెప్పాడు. పెండ్లి వెనక్కి జరుపుతానని పోశయ్య అంటే ముసలమ్మ ఒప్పుకోలేదు. "పెండ్లి ఆపకు బిడ్డా. పిల్ల మొహం నాకు సూపియ్యి, గంతే," అంది.

సూపియ్యాలంటే వీడియో తీయాలి. టౌన్‌లో భుజం మీద పెద్ద కెమెరా పెట్టుకుని తీసే స్టూడియో ఆయన ఆ రోజు వేరే పెండ్లికి మాట ఇచ్చేశాడు. మిగిలింది చిన్న కెమెరాతో పెండ్లిళ్లు తీసే హన్మండ్లు. పోశయ్య భయం కూడా అదే. పెండ్లి రెండోసారి జరగదు, తల్లి రెండోసారి అడగదు.

హన్మండ్లు బల్ల చివర కూర్చుని ఉన్నాడు. ఒళ్లో వాళ్ల బావ దుబాయ్ నుంచి తెచ్చిన వీడియో కెమెరా. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. పక్కన చిన్న కిటికీ రెక్కలాగా తెర తెరుచుకుంటుంది.

"తమ్మీ, నీ కెమెరా ఎట్లుంటది? మంచేందో చెడ్డేందో ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాడు పోశయ్య.

హన్మండ్లును ఉన్నదున్నట్టు చెప్పమని అడిగిన మొదటి మనిషి ఆయనే. చిన్నయ్య చాయ్ వడపోస్తూ చిన్నగా దగ్గాడు.

"మంచిచెడ్డలంటవా అన్నా? కూసో. కూసొని ఇను. మొన్న ఆర్మూర్ల ఒక పెండ్లి తీస్తున్న. సరిగ్గ పుస్తె కట్టే యాళ్లకు కరెంటు పోయింది. మండపమంత చిమ్మచీకటి. పెండ్లిపిలగాడు పుస్తె పట్టుకొని నిలవడ్డడు, ఏ మెడల కట్టాల్నో తెలుస్తలేదు. అయ్యగారు మంత్రం మరిచిండు. నేను గీ బటన్ ఒత్తిన. తెరల పగటి లెక్క కనవడ్డది! 'బావా, జర ఎడమకు, జర కిందికి, ఆఁ గాడనే' అని నేను చెప్పవడితి, ఆయన మూడు ముళ్లు ఏసె. గంత అయినంక ఏమైందో ఎరికేనా? కరెంటు వచ్చింది. సూస్తే పుస్తె సరిగ్గ పెండ్లిపిల్ల మెడలనే ఉన్నది!"

"లేకుంటె ఎవరి మెడల ఉండేదో," అన్నాడు లింబాద్రి. ఆయన బండి బారులో నలభయ్యోది. సాయంత్రం దాకా ఎక్కడికీ పోయేది లేదు.

"నవ్వకు లింబాద్రన్నా, పక్కన పెండ్లిపిల్ల మేనత్త ఉండె. సరే, గదేం పెద్ద ముచ్చట. దీని జూమ్ సంగతి ఇను. ఒకనాడు మన నీళ్ల ట్యాంకు ఎక్కి నిజామాబాద్ దిక్కు పెట్టిన. మొదలు ఖిల్లా కనవడ్డది. ఇంకింత ఒత్తిన, కంఠేశ్వర్ గుడి కనవడ్డది. ఇంకింత ఒత్తిన, గుడి ఎనుక గల్లీల మా గంగమణక్క అరుగు మీద కూసొని బీడీలు చుడుతున్నది. కట్టకు ఇరవై అయిదు ఉండాలె గదా? ఈడికెల్లే లెక్కవెట్టిన. ఇరవై నాలుగే ఉన్నయ్. ఫోన్ చేసి 'అక్కా, ఒకటి తక్కువైంది' అన్న. ఆమె లేచి, 'ఏ చెట్టు మీద కూసున్నవురా' అని మీదికి సూడవట్టె!"

"ఇరవై మైళ్లు," అన్నాడు చిన్నయ్య లెక్కగా.

"గప్పుడు బటన్ సగమే ఒత్తిన అన్నా! మొత్తం ఒత్తితే దుబాయ్ వచ్చింది. మా బావ కనవడ్డడు. చాయ్ కప్పు నోటికాడ పెట్టుకున్నడు, అండ్ల ఈగ ఉన్నది. 'బావా, ఈగ! ఈగ!' అని ఒర్లిన. ఏం లాభం, తాగనే తాగిండు. గదే దీంట్ల లోపం అన్నా, దాచుకునుడేం లేదు. ఆడిది ఈడికి సూపెడతది గని, ఈడి మాట ఆడికి పోదు."

పోశయ్య నుదురు రుద్దుకున్నాడు. "బ్యాటరీ ఎంతసేపొస్తది తమ్మీ?" అని అడిగాడు. ఆయనకు కావలసింది దుబాయ్ ఈగ కాదు.

"మంచిగ అడిగినవ్. కమ్మర్‌పల్లిల పెండ్లికి పోయిన్నాడు, తలంబ్రాల కాడ బ్యాటరీ పడిపోయింది. అందరు నా దిక్కే సూస్తున్నరు. ఇజ్జత్ పోయే కాలం. పక్కన సూస్తే చెరుకు గడ. విరిచి, వైరు అండ్ల గుచ్చిన. గంతే! తీపి లోపలికి గుంజుకొని మూడు దినాలు ఆగకుంట నడిచింది. పెండ్లి అయిపోయింది, చుట్టాలు పోయిండ్రు, కెమెరా మాత్రం ఆగుతలేదు!"

"కమ్మర్‌పల్లి మా అత్తగారూరు," అన్నాడు లింబాద్రి. "గాడ పసుపు, మక్క తప్ప చెరుకెక్కడిది?"

హన్మండ్లు కన్ను కూడా ఆర్పలేదు. "గదే గదా చెప్పేది! ఊరు మొత్తానికి గా ఒక్క గడనే ఉండె. ఎవలు నాటిండ్రో ఇయ్యాళ్టిదాక తెల్వదు. లోపం ఏందంటే, క్యాసెట్‌కు చీమలు పట్టినయ్. ఇప్పటికి గా పెండ్లి టీవీల ఏస్తే, టీవీ చుట్టు బెల్లం చుట్టు తిరిగినట్టు తిరుగుతయ్."

హోటల్ అంతా గొల్లుమంది. పోశయ్య కూడా నవ్వాడు గానీ, ఇట్లాంటి మనిషి చేతిలో నా తల్లి కోరిక పెట్టాలా అనుకున్నాడు. లేవబోయాడు.

"అన్నా, పోకు," అన్నాడు హన్మండ్లు. గొంతు మారింది. చెయ్యి తొడ మీద చరచడం మానేసింది. "ఇవన్ని నవ్వుకునే ముచ్చట్లు. ఒక్కటి మాత్రం నాకే సమజైతలేదు. దసరా అయిన కాడికెల్లి నేను ఏది తీసినా, అండ్ల ఎర్ర పొద్దు వస్తున్నది."

"ఎర్ర పొద్దేంది?"

"పొద్దే అన్నా. గుండ్రంగ, ఎర్రగ, నిగనిగ. మనిషి మీద పెడితే మనిషి నెత్తి మీదికి వస్తది. ఆర్మూర్ పెండ్లి క్యాసెట్ టీవీల ఏసిన్నాడు పెండ్లిపిల్ల మొహం మీద వచ్చి నిలవడ్డది. ఊరంత చెప్పులు బయట ఇడిసి లోపలికి వచ్చిండ్రు. ఒక ముసలామె టీవీ ముంగట దీపం పెట్టింది. గంత అయినంక ఏమైందో ఎరికేనా? గా పొద్దు పడ్డ తాతకు ఊడిన పండ్లు మళ్ల మొలిచినయ్. బటానీలు నములుతుండు! ఎండిపోయిన బోరు కాడ తీస్తే బోరు ఎగజిమ్మింది. ఒట్టిపోయిన బర్రెను తీస్తే రెండు పూటల పాలు! బర్రె యజమాని బకీటు చాలక పక్కింటికి ఉరికిండు. అబద్ధమైతే ఇగో, మీరే సూడుండ్రి."

కెమెరా మూత తీసి, తెర తెరిచి, ఫ్యాక్టరీ వైపు పెట్టాడు. అందరూ మీద మీద పడి చూశారు.

నిజంగానే ఉంది! చిన్న తెరలో పొగగొట్టం, దాని పక్కన మసక అంచులతో గుండ్రటి ఎరుపు. హన్మండ్లు చెప్పిన మాట ఒకటి కళ్లెదుట నిజమవడం ఆ హోటల్లో ఎవరూ ఎరగరు. లింబాద్రి మీదికి తిప్పితే ఆ పొద్దు ఆయన నెత్తిన నిలబడింది. ఆయన తలపాగా తీసి చేతులు జోడించాడు. చిన్నయ్య పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదలలేదు. పోశయ్యకు ఒళ్లు జలదరించింది. "ప్రభువా," అనుకున్నాడు పెదవుల కిందే.

కెమెరా ఆయన మీదికి వచ్చింది. తెరలో ఆయన తువ్వాల కనిపిస్తోంది, చొక్కా గుండీలు కనిపిస్తున్నాయి. మొహం ఉండాల్సిన చోట ఎర్రటి మరక ఉంది.

"నా బిడ్డ మీద గూడ గిట్లనే పడుతదా?" అని అడిగాడు.

"పడుతదన్నా! నసీబు ఉండాలె!"

"మరి మొహం కనవడదు గదా."

"మొహమేందన్నా, రోజు సూసేదే గదా! ఇది ఎన్నడన్న సూసినవా?"

"మా అవ్వ రోజు సూస్తలేదు తమ్మీ," అన్నాడు పోశయ్య.

ఆ మాట అన్నాక ఆయన బుర్రలో కాంటా పనివాడు మేలుకున్నాడు. పద్దెనిమిదేళ్లుగా తెల్లారి మొదటి బండి ఎక్కకముందు ఆయన చేసే మొదటి పని ఒకటే, కాంటా ముల్లు మీది అద్దం తుడవడం. చెరుకు పిప్పి దుమ్ము పట్టిందంటే ముల్లు ఒకచోట ఉంటే ఇంకోచోట ఉన్నట్టు కనిపిస్తుంది. కాంటా అబద్ధమాడిందని రైతులు గొడవకు దిగిన ప్రతిసారీ ఆయన అద్దం తుడిచి చూపించేవాడు.

"కెమెరా గేటు దిక్కు తిప్పు," అన్నాడు. తిప్పాడు. "ఇప్పుడు బండ్ల దిక్కు. ఇప్పుడు నేల మీదికి." ఎటు తిప్పినా పొద్దు తెరలో అదే చోట, అంతే ఎత్తున ఉంది. నేల మీద కూడా పొద్దు పొడిచింది.

"పొద్దు నీ చెయ్యి తిప్పినట్టు తిరుగుతుందేంది తమ్మీ? ఇటియ్యి."

"లోపలి అద్దం ముట్టకు అన్నా! గీత పడితే పనికి రాదని బావ చెప్పిండు. నేనే ఇయ్యాళ్టిదాక ముట్టలే."

పోశయ్య కెమెరాను తన వైపు తిప్పి దాని కంట్లోకి చూశాడు. తువ్వాల కొసతో కాంటా అద్దాన్ని తుడిచినంత మెత్తగా ఒకసారి తిప్పి తుడిచాడు. కొస ఎర్రబడింది. వాసన చూశాడు. నూనెలో కలిపిన కుంకుమ.

"దసరాకు మీ ఇంట్ల పనిముట్ల పూజ ఎవరు చేసిండ్రు?"

"మా అవ్వ. సైకిలుకు, కత్తెరకు, కుట్టు మిషన్‌కు, అన్నిటికి బొట్లు..." అని హన్మండ్లు ఆగిపోయాడు.

"ఇది కన్ను గదా. దిష్టి తగులద్దని మూత తీసి దీనికి గూడ పెట్టింది. మీ అవ్వ తప్పేం లేదు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత లింబాద్రి తలపాగా మళ్లీ పెట్టుకుంటూ, "మరి బర్రె రెండు పూటల పాలిచ్చింది మీ అవ్వ బొట్టుకేనారా?" అన్నాడు. హోటల్ కప్పు లేచిపోయేట్టు నవ్వారు. చిన్నయ్య పొంగిన పాలను చూసి తిట్టుకుంటూనే నవ్వాడు.

హన్మండ్లు నవ్వలేదు. తువ్వాల కొసనే చూస్తున్నాడు. పోశయ్యకు అప్పుడు తెలిసింది, ఈ మనిషి దుబాయ్ ఈగను నమ్మలేదు, కమ్మర్‌పల్లి చెరుకును నమ్మలేదు గానీ ఈ పొద్దును మనసారా నమ్మాడు. జన్మంతా అద్భుతాలు అల్లిన వాడికి నిజంగా దొరికిందనుకున్నది ఇదొక్కటే. దాన్ని పోశయ్యే తన తువ్వాలతో తుడిచేశాడు. ఆయనకు జాలేసింది.

"ఒకసారి ఇప్పుడు సూడు," అని కెమెరా చేతికిచ్చాడు.

హన్మండ్లు చూశాడు. పోశయ్య ఆయన భుజం మీంచి చూశాడు. బారులో ముందున్న ఎద్దు తెరలోకి వచ్చింది. దాని కంటి రెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. కంటి కింద తడి మెరుస్తోంది. గంగడోలు మీద ఈగ వాలితే తోలు వణకడం కూడా కనిపిస్తోంది. రోజూ వంద ఎద్దులను చూసే పోశయ్య ఎద్దు కంటిని అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. ఆయనకు మళ్లీ ఒళ్లు జలదరించింది.

"గిది చాలదా తమ్మీ?" అన్నాడు. "ఇప్పుడు చెప్పు. ఉన్నదున్నట్టు."

హన్మండ్లు తెర మూసి నోరు విప్పాడు. గొంతు ఎవరిదో అన్నట్టుంది.

"బ్యాటరీ గంట గూడ రాదన్నా. ఇంకోటి చార్జింగ్ పెట్టి తెచ్చుకోవాలె. వెలుతురు తక్కువైతే బొమ్మ మీద ఇసుక చల్లినట్టయితది. ఆర్మూర్ల కరెంటు పోయినప్పుడు ఏం రాలే, నల్లగ వచ్చింది. తేలిక గదా, చెయ్యి ఏమాత్రం వణికినా అది గూడ వణుకుతది. రెండు చేతుల పట్టాలె. గాలి కొడితే బుర్రుమని చప్పుడు, మాటలు ఇనవడయ్."

"మంచేంది?"

"దగ్గరికి పోవచ్చన్నా. పెద్ద కెమెరా, లైట్లు సూస్తే మనుషులు కర్రల లెక్క బిగుసుకుంటరు. దీన్ని సూసి ఎవలు భయపడరు. మొహం మొహం లెక్కనే వస్తది." కెమెరాకు మూత పెట్టాడు. "ఇంకో లోపం ఉన్నది. పట్టుకున్నోని గొంతే అన్నిటికన్న పెద్దగ పడుతది. నేను తీసిన పెండ్లిళ్లల్ల మంత్రం ఇనవడది, బ్యాండు ఇనవడది. నేనే ఇనవడ్త."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"బేస్తవారం పొద్దుగాల పదింటికి రా," అన్నాడు పోశయ్య. "పాస్టరు గారు అడిగేది, నా బిడ్డ చెప్పేది మా అవ్వ చెవుల పడాలె. ఒక గంట నోరు మూసుకొని ఉంటవా?"

హోటలంతా హన్మండ్లు వైపు తిరిగింది. ఆయన నోరు తెరిచాడు. మూశాడు. తల మాత్రం ఊపాడు. చిన్నయ్య, తన ఇరవై ఏళ్ల హోటల్లో ఇంత వింత చూడలేదని తర్వాత అందరికీ చెప్పుకున్నాడు.

పెండ్లయ్యాక వచ్చిన ఆదివారం మధ్యాహ్నం జక్రాన్‌పల్లిలో శారమ్మను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. హన్మండ్లు కెమెరా వైరు టీవీకి తగిలించాడు. దారి పొడుగునా బస్సులో, ఈ కెమెరాతో పెండ్లి తీస్తుంటే పాస్టరు గారే వాక్యం ఆపి చూశాడని కండక్టరుకు చెప్పుకుంటూ వచ్చాడు. ఇంట్లోకి వచ్చాక మాత్రం గమ్మున ఉన్నాడు.

తెర మీద రూతు వచ్చింది. ఎరుపు లేదు, మరక లేదు. చిన్నప్పుడు కుంపటి అంచు తగిలి కనుబొమ్మ పక్కన పడ్డ మచ్చ కూడా కనిపిస్తోంది. శారమ్మ చెయ్యి తన కనుబొమ్మ మీదికే పోయింది. ఆ నాడు ఆ మచ్చకు పసుపు అద్దింది ఆమే. ఈ పెండ్లికి సమ్మతమేనా అని పాస్టరు గారు అడిగారు. రూతు జవాబు చెప్పే ముందు మొహం తిప్పి, నేరుగా కెమెరాలోకి చూసి, "అవ్వా, సూస్తున్నవా?" అంది. అప్పుడు, "ఒప్పుకుంటున్న," అంది.

"సూస్తున్న బిడ్డా, సూస్తున్న," అంది శారమ్మ టీవీతో. ఆమె చెంపల మీద నీళ్లు కారిపోతున్నాయి. పోశయ్య గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. జన్మలో ఇంతకన్నా ఏమీ అక్కర్లేదనిపించింది ఆయనకు.

ముసలమ్మ మళ్లీ వెయ్యమంది. వేశారు. రెండోసారి చూశాక పోశయ్యను పిలిచింది.

"పిల్ల నన్ను పిలిచినంక ఎవలో ఎక్కెక్కి ఏడ్చిండ్రు గదా బిడ్డా. మస్తు దగ్గరికెల్లి ఇనవడుతున్నది. ఎవలు?"

పోశయ్య హన్మండ్లును చూశాడు. హన్మండ్లు వైరు చుడుతున్నాడు, తల ఎత్తలేదు.

"గాలి, అవ్వా," అన్నాడు పోశయ్య. "గీ కెమెరాకు గదొక్కటే లోపం. గాలి కొడితే గట్ల చప్పుడు వస్తది."

శారమ్మ కొడుకు మొహంలోకి చూసింది. కొంగు కొసతో తన చెంపలు తుడుచుకుంది.

"చలికని చర్చి తలుపులన్ని ఏసే కనవడ్డయ్ టీవీల," అంది. "పంకలు గూడ తిరుగుతలెవ్వు. గాలి ఎక్కడికెల్లి వచ్చిందిరా బిడ్డా?"